రెండో విజిల్

నేను పనిచేసిన గ్రంథాలయంలో దయ్యాల నవలలకు గిరాకీ ఎక్కువ. అట్టలు ఊడేదాకా చదివేవాళ్లు. వాటికి బంక పెట్టి మళ్లీ అరలో సర్దడం నా పని. ఒక్కటీ పూర్తిగా చదవలేదు. భయం వల్ల కాదు, విసుగు వల్ల. మా అమ్మ పోయినప్పుడు నేను బడికి పోయే పిల్లవాణ్ణి. ఏదో ఒక రూపంలో వస్తుందని చుట్టాలు చెబితే నమ్మి ఎదురుచూశాను. రాలేదు. పోయినవాళ్లు రారని అప్పుడే తేలిపోయింది. ఆ తర్వాత ఆ విషయం గురించి ఆలోచించాల్సిన అవసరం కలగలేదు.

ఇప్పటికీ నా అభిప్రాయం మారలేదు. అయినా ఇది రాస్తున్నాను. చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు రాస్తాను. తెలియనిచోట తెలియదంటాను.

తొంభైల చివర మేము హైదరాబాద్ శివారు కొత్తగూడలో కిరాయికి ఉండేవాళ్లం. మాది మెదక్ జిల్లా. అన్న యాదగిరి, వదిన సుజాత, నేను. రెండు గదుల రేకుల ఇల్లు. అన్న పెళ్లిళ్లలో పాడే ఒక ఆర్కెస్ట్రాలో డ్రమ్స్ వాయించేవాడు. నేను దగ్గరలోని చిన్న గ్రంథాలయంలో చేసేవాణ్ణి. ఒకడు మోతలో, ఒకడు నిశ్శబ్దంలో బతుకుతున్నారని వదిన ఎగతాళి చేసేది.

స్టేజీ మీద పాడేవాళ్లకు తమ పాట తమకు వినపడాలని ఒక పెట్టె పెడతారు. మానిటర్ బాక్స్ అంటారు. అది అన్న ఎడమ చెవికి మూరెడు దూరంలో ఉండేది. దాని మోతలో తన దెబ్బ తనకు వినపడక అన్న ఇంకా గట్టిగా కొట్టేవాడు. డ్రమ్ము పాటను మింగేస్తోందని మైకులు చూసుకునే ఖాజా ఆ పెట్టె మోత ఇంకాస్త పెంచేవాడు. ఇలా ఒకరి మీద ఒకరు పెంచుకుంటూ పోయేవాళ్లు. వినేవాళ్లకు అది సంబరం. ఎంత మోత ఉంటే అంత ఘనంగా పెళ్లి చేసినట్టు.

అన్నకు మోత మొదలైనప్పుడు అది తన చెవిలోదని అతనికి తెలియలేదు. మైకుసెట్టులో లోపం అనుకున్నాడు. సెట్టు పెట్టేవాళ్లకు అది మామూలు బాధే. ఎక్కడో ఒక వైరు సరిగా కలవక పెట్టెలు సన్నగా కూస్తుంటాయి. అన్న ఖాజాతో వైర్లన్నీ ఊడదీయించేవాడు, మళ్లీ పెట్టించేవాడు. ఒక పెళ్లిలో నేనూ ఉన్నాను. భోజనానికని అన్న తీసుకుపోయాడు. పందిరి వెనుక వాళ్లిద్దరూ ఆంప్లిఫయర్ ముందు గొంతుక్కూర్చున్నారు.

"యాదన్నా, మెయిన్ బంద్ చేసిన. కరెంటే లేదు. ఇగ సౌండ్ ఏడికెళ్లి వస్తది?" అన్నాడు ఖాజా.

"వస్తుంది ర బై. సన్నగ, కూ అని. నీకు వినొస్తలేదా?"

"నాకు బిర్యానీ వాసన వస్తుంది. గంతే."

అన్న నవ్వలేదు. ఆంప్లిఫయర్ మీద చెవి ఆనించి చాలాసేపు విన్నాడు. తర్వాత లేచి, జనరేటరుకు దూరంగా, రాళ్ల వైపు నడిచిపోయాడు. అక్కడ ఏమీ లేదు. తిరిగి వచ్చినప్పుడు అతని ముఖం చూసి నాకు అర్థమైంది. అక్కడా వినపడుతోంది.

సర్కారు దవాఖానలో చెవుల డాక్టరమ్మ దగ్గరికి నేనే తీసుకుపోయాను. ఓపికగా చూసింది. చెవి లోపల శబ్దాన్ని పట్టుకునే సన్నని కణాలు ఉంటాయని, గట్టి మోతకు అవి చచ్చిపోతాయని, చచ్చినవి మళ్లీ మొలవవని చెప్పింది. కీచుమనే సన్నని శబ్దాలు ముందు పోతాయట. పోయినచోట ఖాళీగా ఉండలేక మెదడు తానే ఒక శబ్దం చేసుకుంటుందట.

"ఎప్పుడు ఆగుతది మేడం?" అని అన్న అడిగాడు.

"ఆగకపోవచ్చండి. అలవాటు చేసుకోవాలి. ఉన్న చెవుల్ని కాపాడుకోవడం ముఖ్యం. ఆ పెట్టెకి దూరంగా కూర్చోండి, సౌండ్ తగ్గించమనండి, మధ్యమధ్య బయటికొచ్చి చెవులకి విశ్రాంతి ఇవ్వండి. చెవులకి పెట్టుకునే స్పాంజి బిరడాలు దొరికితే వాడండి. పడుకునేటప్పుడు మరీ నిశ్శబ్దంగా ఉంచుకోకండి, ఫ్యాను వేసుకోండి."

బయటికి వచ్చాక అన్న, "అలవాటు చేసుకోవాల్నంట తమ్మీ. అత్తగారిల్లు లెక్క," అని నవ్వాడు. మందు రాయలేదని అతనికి లోలోపల కోపంగా ఉంది. మందు లేని జబ్బు ఉంటుందని మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

స్పాంజి బిరడాల కోసం కోఠి దాకా తిరిగాం. దొరకలేదు. అడిగితే మందుల షాపువాళ్లు మమ్మల్నే వింతగా చూశారు. మళ్లీ వెళ్లి అడిగితే, ఏమీ లేనిదానికంటే దూదికి వాజిలిన్ రాసి గట్టిగా కూరుకోవడం నయమని డాక్టరమ్మ చెప్పింది. అన్న అలాగే చేశాడు. కొన్ని పెళ్లిళ్లు అలా గడిచాయి. ఇంటికి వచ్చాక మోత కాస్త తక్కువగా ఉంటోందన్నాడు.

మియాపూర్ పెళ్లిలో అది ముగిసింది. నేను అక్కడ లేను. అన్న చెప్పిందే రాస్తున్నాను. పిల్ల తరఫు పెద్దమనిషి ఒకాయన అక్షింతల పళ్లెంతో స్టేజీ ఎక్కాడు. అన్న చెవులు చూశాడు.

"ఏంది బిడ్డా ఇది? పెండ్లి పందిట్ల చెవుల దూది పెట్టుకోని పీనుగ లెక్క కూసున్నవ్! ముందుగాల తియ్యి."

చనిపోయినవాళ్ల ముక్కుల్లో, చెవుల్లో పెట్టేది దూది. శుభకార్యంలో కళ్లెదురుగా అది కనపడితే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. ఆ పెద్దమనిషిని నేను తిట్టలేను. ఆర్కెస్ట్రా నడిపే మాస్టర్ పరుగెత్తుకొచ్చి, "తీసెయ్ యాదీ. రేపు మనల్ని ఎవ్వడు పిలువడు," అన్నాడు. అన్న తీసేశాడు. ఆ రోజు నుంచి దూది పెట్టుకోవద్దని మాస్టర్ ఖచ్చితంగా చెప్పాడు. పెట్టె మాత్రం ఉన్నచోటే ఉంది. దాన్ని జరపడం, తగ్గించడం ఎవరికీ తోచలేదు. శకునం చూడటానికి అందరూ ఉన్నారు.

ఏడాది తిరక్కుండానే అన్న తాళం తప్పసాగాడు. పాడే అమ్మాయి ఎత్తుకున్నది అతనికి ఆలస్యంగా అందేది. మాస్టర్ ఇంకొకర్ని పెట్టుకున్నాడు.

అప్పుడు మాదాపూర్ గుట్టలు పగలగొడుతున్నారు. హైటెక్ సిటీ అన్న పేరు కొత్తగా అందరి నోళ్లలో నానుతోంది. మా వాడకట్టులో మల్లేశ్ అని ఒకతను ఖాజాగూడ వైపు ఒక గుట్ట మీద బండకు బొరియలు వేసే మిషన్ నడిపేవాడు. అతను అన్నను అక్కడ జెండా పనికి పెట్టించాడు.

ఆ పని ఇలా ఉంటుంది. పొద్దున బొరియలు వేసి పేలుడు మందు నింపుతారు. మధ్యాహ్నం అన్నాల వేళ పేలుస్తారు. సూపర్‌వైజర్ మొదటి విజిల్ కొట్టగానే జెండా మనిషి గుట్ట కింది బాటలోకి పోయి ఎర్రజెండా చూపించి వచ్చేపోయేవాళ్లను ఆపాలి. రెండో విజిల్ కొట్టగానే తాను కూడా బండ చాటుకు పోవాలి. ఆ తర్వాత పేలుడు. అన్న నిలబడే చోటి నుంచి పైన ఎవరున్నారో కనపడదు. విజిలే ఆధారం.

ఈ సంగతి తెలిసి నేను ఆ పని వద్దన్నాను. అన్న తేలికగా తీసుకున్నాడు.

"నా చెవుల మోత, ఆ విజిలు ఒక్క తీరుగనే ఉంటయి తమ్మీ. అచ్చం ఒక్కటే."

"మరి విజిల్ కొట్టినట్టు నీకెట్ల తెలుస్తది?"

"విజిల్ కొడితే మోత ఆగుతది. ఒక్క జర సేపు. సల్లగ ఉంటది. అట్ల తెలుస్తది. ఫికర్ చెయ్యకు."

నేను మళ్లీ డాక్టరమ్మను అడిగాను. అలా జరగొచ్చన్నది. లోపలి మోత ఏ తీరులో ఉందో అదే తీరు శబ్దం బయటి నుంచి వస్తే కొందరికి లోపలిది కొద్దిసేపు అణుగుతుందట. కానీ దాన్ని నమ్ముకుని ప్రాణం మీదికి తెచ్చుకోవద్దని, కంటికి కనపడేలా ఇంకో గుర్తు పెట్టించుకోమని చెప్పింది. అన్న సూపర్‌వైజర్‌ను అడిగాడు. పైన బండ మీద ఒక మనిషిని నిలబెట్టి రెండో విజిల్‌తోపాటు జెండా ఊపించమని. చూద్దామన్నాడట. ఇది కూడా అన్న చెప్పిన మాటే. సాక్ష్యం లేదు.

నెలల తరబడి అన్న ఆ పని చేశాడు. రోజూ మొదటి విజిల్‌కు బాటలోకి పోయాడు, రెండో విజిల్‌కు చాటుకు పోయాడు. ఒక్కసారీ పొరపాటు జరగలేదు. రోజులో హాయిగా ఉండేది ఆ రెండు క్షణాలేనని వదినతో అనేవాడట.

ఇప్పుడు ఆ రోజు సంగతి.

మధ్యాహ్నం గ్రంథాలయంలో ఒక పెద్దాయన పేపరు చదువుతున్నాడు. నేను తిరిగి వచ్చిన పుస్తకాలు అరల్లో పెడుతున్నాను. ఉన్నట్టుండి నా ఎడమ చెవిలో సన్నగా మోత మొదలైంది. ట్యూబ్‌లైటు చోక్ అనుకున్నాను. పగలు లైటు వేయలేదని వెంటనే గుర్తొచ్చింది. కిటికీ దగ్గరికి పోయాను, బయట ఏమీ లేదు. చెవిలో వేలు పెట్టుకుంటే ఇంకా స్పష్టంగా వినపడింది. కాసేపటికి తెగినట్టు ఆగిపోయింది. పోయింది కదా అనుకుని పుస్తకం చేతిలోకి తీసుకున్నాను. మళ్లీ మొదలైంది. ఆ తర్వాత దూరంగా పేలుడు, కిటికీ అద్దాలు అదిరాయి. అది రోజూ వినేదే. పెద్దాయన తల కూడా ఎత్తలేదు.

మల్లేశ్ సైకిల్ మీద వచ్చేసరికి ఇంకా మోగుతూనే ఉంది. "శ్రీశైలం, అన్నకు దెబ్బ తాకింది. జర జల్ది రా," అన్నాడు. నా ముఖం చూడకుండా అన్నాడు.

మేము పోయేసరికి అన్న ప్రాణాలతో లేడు. బాట మధ్యలో, జెండా చేతిలో ఉండగానే రాయి వచ్చి తలకు తగిలింది.

దవాఖానలో డ్యూటీ డాక్టరు వదినను అడగాల్సినవి అడిగాడు. వయసెంత, తాగుతాడా, ఏమైనా జబ్బులున్నాయా. వదిన ఏడుస్తూనే అన్నిటికీ సరిగా జవాబు చెప్పింది.

"ఏం లేవు సార్. చెవుల మోత ఒక్కటుండె. సక్కగ వినొస్తలేదని అంటుండె."

సూపర్‌వైజర్ పక్కనే నిలబడి ఉన్నాడు. అంతదాకా చేతులు నలుపుకుంటున్నవాడు ఆ మాటతో తేరుకున్నాడు. పోలీసులు వచ్చేసరికి అతని దగ్గర జవాబు తయారుగా ఉంది.

"రెండు విజిళ్లూ కొట్టామండి. అందరూ విన్నారు. ఆయనకి చెవుడున్నట్టు మాకెవరూ చెప్పలేదండి. దాచిపెట్టి పనిలో చేరాడు. ఆవిడే చెప్పారు కదండీ ఇప్పుడు."

అలా ఆ కేసు ముగిసింది. అన్న తన చెవుల వల్ల చనిపోయాడు. దానికి సాక్షి అతని భార్య. రెండో విజిల్ కొట్టారా అని నేను మల్లేశ్‌ను అడిగాను. "నేను అన్నం తింటానికి అవుతలికి పోయిన శ్రీశైలం, నాకెరుక లేదు," అన్నాడు. నిజమో అబద్ధమో తెలియదు. అతనికి ఆ పని కావాలి.

స్నానం చేయించాక అన్న ముక్కుల్లో, చెవుల్లో దూది పెట్టారు. అప్పుడు ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

నా చెవిలో మోత పోలేదు. దుఃఖం వల్ల అనుకున్నాను. నిద్ర లేక, తిండి సరిగా లేక అనుకున్నాను. దినాలు అయిపోయాక అదే డాక్టరమ్మ దగ్గరికి పోయాను. చెవులకు పెట్టుకునే మిషన్‌తో పరీక్ష చేసింది. నా చెవులు బాగున్నాయి. సన్నని శబ్దాలు కూడా అందుతున్నాయి. ఎప్పుడైనా పెద్ద మోతలో పనిచేశారా అని అడిగింది. లేదన్నాను. నేను పుస్తకాల మధ్య పనిచేసేవాణ్ణి. స్టేజీ దగ్గరికి కూడా పోయేవాణ్ణి కాదు. అయినవాళ్లు పోయినప్పుడు కొందరికి ఇలాంటివి వస్తాయండి, తగ్గుతుంది అన్నది. మంచి మనిషి. ఆమె మాటే నాకూ సబబనిపించింది.

మోత రోజూ ఆగుతున్న సంగతి నేను గమనించింది ఆ తర్వాత. గ్రంథాలయంలో మధ్యాహ్నం జనం ఉండరు. ఆ వేళ మోత ఒక్కసారిగా తెగేది. కొద్దిసేపు పూర్తి నిశ్శబ్దం. మళ్లీ మొదలయ్యేది. కొన్ని నిమిషాలకు ఇంకోసారి తెగేది. ఆ వెంటనే గుట్ట మీద పేలుడు.

మొదట రెండు మూడు రోజులు పట్టించుకోలేదు. తర్వాత భయపడ్డాను. గ్రంథాలయానికీ ఆ గుట్టకూ మధ్య ఊరు, చెరువు, ఇంకో గుట్ట ఉన్నాయి. పేలుడు వినపడుతుంది, అద్దాలు అదురుతాయి. విజిల్ వినపడే అవకాశమే లేదు. గాలి అటు నుంచి వీచేటప్పుడు బయటికి పోయి నిలబడి చూశాను. ఏమీ వినపడలేదు. చెవిలో మోత మాత్రం రెండుసార్లు ఆగింది.

నాకు తెలియకుండానే పేలుడు వేళకు నేను ఎదురుచూస్తున్నానని, ఆ ఎదురుచూపే మోతను ఆపుతోందని ఒక కారణం ఊహించుకున్నాను. మంచి కారణమే. అందుకే గడియారం తిప్పిపెట్టి, ఇతర పనుల్లో మునిగి చూశాను. పేలుడు వేళ కూడా రోజూ ఒకటి కాదు, మందు నింపడం ఎప్పుడైతే అప్పుడు. అయినా అది తప్పలేదు. పేలుడు లేని ఆదివారం మోత ఒక్కసారీ ఆగేది కాదు.

ఒక రోజు ఒకేసారి ఆగింది. రెండోసారి కోసం చూస్తూ కూర్చున్నాను. అది రాకుండానే పేలుడు వినపడింది.

ఆ సాయంత్రం మల్లేశ్ ఇంటికి పోయాను. అతను ముఖం కడుక్కుంటున్నాడు.

"మల్లేశన్నా, ఇయ్యాల రెండో విజిల్ కొట్టలేదా?"

చేతిలోని చెంబు అలాగే పట్టుకుని నన్ను చూశాడు. "నీకెవరు చెప్పిన్రు?"

"ఎవరు చెప్పలే. అడుగుతున్న."

అటూ ఇటూ చూసి దగ్గరికి వచ్చాడు. "సార్ ఫోన్ మాట్లాడుకుంట మర్చిపోయిండు. పేల్చెటోడు కొట్టిన్రేమో అనుకున్నడు. దేవుని దయ, బాటల ఎవ్వరు లేకుండ్రి. నా పేరు చెప్పకు శ్రీశైలం, నీ కాళ్లు మొక్కుతా."

ఇంటికి నడుస్తూ దారిలో ఒక బండ మీద కూర్చున్నాను. అప్పుడు నేను మల్లేశ్ గురించి ఆలోచించలేదు. అన్న పోయిన రోజు గురించి ఆలోచించాను. ఆ రోజు మోత మొదలయ్యాక, పేలుడుకు ముందు ఒకేసారి ఆగింది. మొదటి విజిల్ కొట్టారు. అన్న జెండా పట్టుకుని బాటలోకి పోయాడు. చల్లగా ఉండే ఆ రెండో క్షణం కోసం నిలబడ్డాడు. అది రాలేదు.

ఇది నా లెక్క. దీనికి ఎదురు లెక్క కూడా రాయాలి. ఆ రోజు ఆ మోత నాకు కొత్త. అది ఎన్నిసార్లు ఆగిందో లెక్కపెట్టాలని నాకు అప్పుడు తెలియదు. రెండోసారి కూడా ఆగి ఉండవచ్చు. పుస్తకం పేరు చదువుతూనో, ఆ పెద్దాయన దగ్గుతుంటేనో నేను గమనించకపోయి ఉండవచ్చు. ప్రమాణం చేసి చెప్పమంటే చెప్పలేను. అన్నిటికన్నా ముందు, ఒక మనిషి చెవిలో మోత ఇంకొకరి చెవికి రావడమన్నదే నేను ఒప్పుకోలేని సంగతి.

అయినా వదినకు చెప్పాలనిపించింది. అన్న పోయిన నాటి నుంచి వదిన ఒక మాట పట్టుకుని కూర్చుంది. నేనే చెప్పిన గదా, నేనే చెప్పిన గదా అని. చుట్టాలెవరైనా పలకరించడానికి వచ్చినా అదే మాట. ఆమె నోటి నుంచి వచ్చిన ఒక్క వాక్యంతో వాళ్లు చేతులు దులుపుకున్నారు. విజిలే కొట్టలేదని తెలిస్తే ఆమె మీది బరువు దిగుతుందనుకున్నాను.

వదిన వాకిట్లో బియ్యంలో రాళ్లు ఏరుతోంది. పక్కన కూర్చుని మొదటి నుంచి చెప్పాను. మోత, అది ఆగడం, మల్లేశ్ మాట. చేతులు ఆపకుండా విన్నది. చివరికి చేట కింద పెట్టింది.

"అయితే కొట్టలేదంటవా?"

"నా చెవి లెక్క ప్రకారం కొట్టలేదు వదినా."

"నీ చెవి సంగతి కాదు. నువ్వేమంటవ్?"

నేను చేటలోంచి ఒక రాయి తీసి పక్కన పడేశాను.

"పోలీసోళ్ల ముంగట చెప్తవా?"

"నవ్వుతరు వదినా."

"నవ్వనియ్. నువ్వు నమ్ముతవా?"

అబద్ధం చెబితే సరిపోయేది. ఆమె అడిగింది ఒక్క మాటే. తల అడ్డంగా ఊపాను.

"నువ్వే నమ్మనిది నాకెందుకు చెప్పినవ్ శ్రీశైలం?" అన్నది వదిన. గొంతు పెంచలేదు. "నా నోటితోటి నేను చెప్పుకున్న ఒక్క మాటను మింగుకుంట బతుకుతున్న. ఇప్పుడు ఇదొకటి ఇచ్చినవ్. దీన్ని ఏం చేసుకోవాలె? మింగొస్తదా, కక్కొస్తదా?"

లేచి చేట లోపలికి తీసుకుపోయింది. చాలా రోజులు నాతో అవసరమైన మాటలే మాట్లాడింది.

ఆ గుట్ట అయిపోయింది. అది ఉన్నచోట గొయ్యి పడింది, గొయ్యిలో పునాదులు లేచాయి. విజిళ్లు ఆగిపోయాయి. అన్నను పనిలోంచి తీసేసిన ఆర్కెస్ట్రా ఇంకా పెద్ద పెట్టెలు కొన్నదని ఖాజా చెప్పాడు. ఖాజాకు కూడా మోత మొదలైంది. నేను డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. ఆమె అన్నతో చెప్పిన మాటలే అతనికీ చెప్పింది. అతను విన్నాడు, తల ఊపాడు, సాయంత్రం ఒక పెళ్లికి పోయాడు. చెవుల్లో ఏమీ పెట్టుకోలేదు.

విజిళ్లు లేకపోవడంతో నా మోతకు ఆగడం లేకుండా పోయింది. డాక్టరమ్మ చెప్పినట్టు ఫ్యాను వేసుకుని పడుకుంటాను. పగలు గ్రంథాలయంలో రేడియో సన్నగా పెట్టుకుంటాను. కొంత అలవాటైంది. అలవాటు కావడం అంటే బాగుపడటం కాదు.

గుట్ట అయిపోయిన తర్వాత, ఒక ఆదివారం పొద్దున నేను గడప మీద కూర్చుని పేపరు చదువుతున్నాను. వదిన వచ్చి నా ఎడమ పక్కన కూర్చుంది.

"మోగుతున్నదా?"

"మోగుతున్నది వదినా."

ఇంకాస్త దగ్గరికి జరిగింది. నా ముఖం చూడలేదు. నా చెవి దగ్గర నోరు పెట్టి, నాతో కాదన్నట్టు మాట్లాడింది.

"దవాఖానల అడిగితే చెప్పిన. ఇట్ల చేస్తరని నాకెరుక లేకుండె. తప్పు నీ మీద పెట్టాలని చెప్పలే."

నేను పేపరు పట్టుకుని కదలకుండా ఉన్నాను. వాడకట్టులో ఎవరో బకెట్లో నీళ్లు పట్టుకుంటున్న చప్పుడు. వదిన వెనక్కి జరిగి, అప్పుడు నా వైపు చూసింది.

"ఆగిందా?"

ఆగలేదు. నేను ఎంతో శ్రద్ధగా విన్నాను. ఒక్క క్షణం కూడా ఆగలేదు. ఈసారి కూడా అబద్ధం నోటిదాకా వచ్చింది.

"లేదు వదినా," అన్నాను.

వదిన తల ఊపింది. "ఎట్ల ఆగుతది. బతికున్నప్పుడే నా గొంతు సక్కగ అందకపోతుండె. రెండుసార్లు పిలిస్తే గాని పలుకకపోతుండె," అన్నది. లేచి పొయ్యి మీద ఎసరు చూడటానికి పోయింది.

ఆ తర్వాత ఆమె ఎప్పుడూ అడగలేదు. అంత దూరాన మోగిన విజిల్‌కు ఆగిన ఆ మోత, అంత దగ్గరగా వచ్చిన మాటకు ఎందుకు ఆగలేదో నాకు తెలియదు. అసలు అది ఎవరిదో కూడా చెప్పలేను. ఇది రాస్తున్నప్పుడు కూడా మోగుతోంది.